ఆ పూలు కొలిచిందెవరు?

పోయిన జులైలో మా అమ్మాయిని ఒక ఆన్‌లైన్ డేటా సైన్స్ క్యాంప్‌లో చేర్పించాను. ఆరో క్లాసు అయిపోయి ఏడుకి వెళ్తోంది. రెండు వారాలు, రోజూ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా జూమ్‌లో క్లాసు. ఎందుకు చేర్పించావయ్యా అని మీరడిగితే నిజమే చెప్తాను. మా న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపులో అందరూ చేర్పిస్తున్నారు. ఒకాయన వాళ్ళబ్బాయి సర్టిఫికెట్ ఫొటో పెట్టాడు. ఆ రాత్రే నేను ఫీజు కట్టేశాను. ఏంటి, ఎవరు చెప్తారు, ఏం చెప్తారు అని చూడలేదు. నేను చేసేది కూడా డేటా ఉద్యోగమే కాబట్టి పిల్లకి ఏదైనా డౌటొస్తే నేనున్నాను కదా అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటూ అడిగింది.

"నాన్నా, ఇవాళ ఐరిస్ పూలతో మోడల్ చేశాం. 150 పూలు. మోడల్ దాదాపు అన్నీ కరెక్ట్‌గా చెప్పింది. కానీ ఆ పూలు కొలిచిందెవరు?"

నేను నోట్లో ముద్ద పెట్టుకుని ఆగిపోయాను. పద్నాలుగేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను. ఆ ఐరిస్ డేటాసెట్ ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. కొత్తగా చేరినవాళ్ళకి నేనే దాంతో పాఠం చెప్పాను. ఎవరు కొలిచారన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. "ఎవరో సైంటిస్టు అయ్యుంటాడు లేమ్మా" అన్నాను. "మా సార్ కూడా అదే అన్నారు" అంది.

ఆ మాటతో కాస్త సిగ్గేసింది. ఆ వారం రాత్రుళ్ళు కూర్చుని చదివాను. పూల సంగతి వెతుకుతూ వెతుకుతూ ఈ క్యాంపుల చరిత్రలోకి కూడా వెళ్ళిపోయాను. తెలిసింది మీతో చెప్పాలనిపించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. టీ పెట్టుకుని చదవండి.

*

మా చిన్నప్పుడు నందిగామలో వేసవి సెలవులంటే రెండే రకాలు. ఒకటి అమ్మమ్మగారి ఊరు, రెండోది టైపు ఇన్‌స్టిట్యూట్. "లోయర్ పాసైతే ఎక్కడైనా బతకొచ్చు" అని మా నాన్న నన్ను టైపుకి పంపారు. వారం రోజులు వెళ్ళి మానేశాను. అందుకే ఇప్పటికీ రెండు వేళ్ళతోనే కొడతాను, ఈ పోస్టు కూడా అలాగే కొడుతున్నాను. పిల్లల సెలవుల్ని చూస్తే పెద్దవాళ్ళకి ఏదో ఒక భయం వేస్తుందని, ఆ భయానికి ఆ కాలపు మందు ఒకటి ఉంటుందని ఇప్పుడు అర్థమవుతోంది. మా నాన్నకి అది టైపు మిషను, నాకు డేటా సైన్సు.

అమెరికాలో ఈ మందు చరిత్ర చూస్తే 1957 దగ్గర ఒక పెద్ద మలుపు ఉంది. ఆ ఏడాది అక్టోబరు 4న రష్యా వాళ్ళు స్పుత్నిక్‌ని ఆకాశంలోకి పంపారు. అది రేడియోలో బీప్ బీప్ అంటుంటే ఇక్కడివాళ్ళకి నిద్ర పట్టలేదు. మన పిల్లలు లెక్కల్లో, సైన్సులో వెనకబడ్డారని పత్రికల నిండా రాతలు. 1958 సెప్టెంబరులో ఐసెన్‌హోవర్ నేషనల్ డిఫెన్స్ ఎడ్యుకేషన్ యాక్ట్ మీద సంతకం పెట్టాడు. చదువుల చట్టం పేరులో డిఫెన్స్ అని ఎందుకుందో ఆలోచిస్తే ఆ భయం ఎంతటిదో తెలుస్తుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ హైస్కూలు పిల్లల వేసవి కార్యక్రమాలకి కూడా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది.

అయితే ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. ఇప్పటికీ నడుస్తున్న లెక్కల క్యాంపుల్లో పేరున్నది రాస్ ప్రోగ్రాం. దాన్ని ఆర్నాల్డ్ రాస్ అనే ప్రొఫెసర్ నోటర్‌డామ్ యూనివర్సిటీలో 1957 వేసవిలో మొదలుపెట్టాడు. అంటే స్పుత్నిక్‌కి కొన్ని నెలల ముందే. 1964లో ఒహాయో స్టేట్‌కి మారాడు, అక్కడ దశాబ్దాలపాటు నడిపాడు. ఆయన పెట్టుకున్న సూత్రం, మామూలు విషయాల్ని లోతుగా ఆలోచించాలి అని. పిల్లలకి సంఖ్యల గురించి ప్రశ్నల మీద ప్రశ్నలు ఇచ్చేవాడు. జవాబు వాళ్ళే వెతుక్కోవాలి. డబ్బు భయం వల్ల తర్వాత వచ్చింది కానీ, అసలు పని మాత్రం ప్రశ్నల మీద ఇష్టంతో మొదలైంది. ఈ తేడా తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది నాకు.

ఆ తర్వాతి మలుపు 1977. ఆ ఒక్క ఏడాదిలోనే ఆపిల్ 2, టీఆర్‌ఎస్ 80, కమడోర్ పెట్ మూడూ మార్కెట్లోకి వచ్చాయి. మా పక్క రాష్ట్రమే అనుకోదగ్గ కనెటికట్‌లో, ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మైకేల్ జబిన్‌స్కీ అదే ఏడు పిల్లలకి వేసవి కంప్యూటర్ క్యాంప్ మొదలుపెట్టాడు. కంప్యూటర్లు కొన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజుల్లో పిల్లలు అక్కడికి వెళ్ళి బేసిక్ భాష నేర్చుకున్నారు. 1982కల్లా అటారీ కంపెనీ సొంతంగా క్యాంపులు పెట్టింది. పొద్దున ప్రోగ్రామింగు, మధ్యాహ్నం ఈత. తల్లిదండ్రుల భయం మాత్రం మారలేదు, రష్యా పోయి ఆ చోట్లోకి కంప్యూటర్ వచ్చింది, అంతే.

*

మరి డేటా ఎప్పుడొచ్చింది? ఈ కథ కొంత మా ఇంటి పక్కనే జరిగింది.

మేముండే చోటు నుంచి అరగంట కారులో వెళ్తే మర్రే హిల్ వస్తుంది. బెల్ ల్యాబ్స్ అక్కడే. జాన్ టూకీ అనే ఆయన అక్కడా, ప్రిన్‌స్టన్ యూనివర్సిటీలోనూ పనిచేశాడు. కంప్యూటర్ వాళ్ళం రోజూ పలికే 'బిట్' అనే మాట ఆయన పెట్టిందే. 1962లో ఆయన డేటా విశ్లేషణ భవిష్యత్తు గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. తాను ఇన్నాళ్ళూ స్టాటిస్టిక్స్ మనిషిననుకున్నాననీ, నిజానికి తన ఆసక్తంతా డేటాని పరిశీలించడంలో ఉందనీ ఆ వ్యాసం మొదట్లోనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత 1977లో, మళ్ళీ అదే 1977, ఆయన పుస్తకం 'ఎక్స్‌ప్లోరేటరీ డేటా అనాలిసిస్' వచ్చింది. దాంట్లో చాలా పనులకి కంప్యూటరే అక్కర్లేదు. కాగితం, పెన్సిలు చాలు. ఇప్పుడు మా అమ్మాయి ఒక్క లైను కోడ్‌తో గీసే బాక్స్ ప్లాట్‌ని ఆయన చేత్తో గీయడం నేర్పాడు. ముందు అంకెల్ని కళ్ళతో చూడండి, ఏం చెబుతున్నాయో వినండి, తర్వాత సూత్రాలు వేసుకుందురు గాని అని ఆయన గొడవ.

ఆ బెల్ ల్యాబ్స్‌లోనే 1976లో 'ఎస్' అనే భాష పుట్టింది. 1990ల్లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాన్ని ఆధారం చేసుకుని 'ఆర్' తయారుచేశారు. ఇవాళ చాలా యూనివర్సిటీలు దాన్ని వాడుతున్నాయి. 2001లో బెల్ ల్యాబ్స్‌కే చెందిన విలియం క్లీవ్‌లండ్ 'డేటా సైన్స్' అనే పేరుతో ఒక కొత్త శాస్త్రం ఉండాలని ప్రణాళిక రాశాడు. ఆ పేరు జనంలోకి వెళ్ళింది మాత్రం 2012 అక్టోబరులో, హార్వర్డ్ బిజినెస్ రివ్యూ ఈ శతాబ్దంలో ఇంతకన్నా ఆకర్షణీయమైన ఉద్యోగం లేదని రాసినప్పుడు. మా ఆఫీసులో ఆ వ్యాసం ఎంతమంది ఫార్వర్డ్ చేశారో! మరుసటి ఏడాదికి నా ఉద్యోగం పేరు కూడా మారింది. పని మారలేదు.

పిల్లల దగ్గరికి ఇదంతా నెమ్మదిగానే వచ్చింది. 1980ల్లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్, లెక్కల టీచర్ల సంఘం కలిసి క్వాంటిటేటివ్ లిటరసీ ప్రాజెక్ట్ అని ఒకటి చేపట్టాయి. టూకీ గీతలు స్కూలు పుస్తకాల్లోకి వచ్చింది అలా. 1997లో హైస్కూలు పిల్లలకి ఏపీ స్టాటిస్టిక్స్ పరీక్ష మొదటిసారి పెట్టారు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లో, యూసీఎల్‌ఏ వాళ్ళూ అక్కడి స్కూలు డిస్ట్రిక్టూ కలిసి డేటా సైన్స్‌కే ఏడాది పొడుగు కోర్సు తయారుచేసి 2014లో పది స్కూళ్ళలో మొదలుపెట్టారు. దీని సంగతి మళ్ళీ చెప్తాను.

2020 మార్చిలో స్కూళ్ళు మూతపడ్డాయి. ఆ వేసవి క్యాంపులన్నీ ఉంటే జూమ్‌లో ఉన్నాయి, లేకపోతే లేవు. ఈత నేర్పేవాళ్ళు జూమ్‌లో ఏం చేస్తారు? కోడింగ్ నేర్పేవాళ్ళకి మాత్రం ఇబ్బంది లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, పైథాన్ అందులోనే నడుస్తుంది. పైగా ఆ ఏడాది ప్రపంచమంతా పొద్దున లేస్తూనే గ్రాఫులు చూసింది. కేసుల గీత పైకి పోతోందా, వంగుతోందా అని ఎన్నడూ లెక్కల జోలికి పోని వాళ్ళు కూడా మాట్లాడారు. డేటా సైన్స్ క్యాంపులు ఆ వేసవుల్లో ఎందుకు అన్ని పుట్టుకొచ్చాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఇండియాలో కూడా 2020 విద్యావిధానం మిడిల్ స్కూల్ నుంచే కోడింగ్ అంది. మరుసటి ఏడాది సీబీఎస్‌ఈ ఎనిమిదో తరగతి నుంచి డేటా సైన్స్ పెట్టింది. కాలిఫోర్నియాలోనైతే ఇది పెద్ద యుద్ధమే అయింది. యూనివర్సిటీ అడ్మిషన్‌కి ఆల్జీబ్రా 2 బదులు డేటా సైన్స్ చదివినా సరేనని 2020లో దారి తెరిచారు. లెక్కల ప్రొఫెసర్లు గోల పెట్టారు. 2023లో ఆ దారి మూసేశారు.

ఆ గొడవలో రెండు పక్షాల వాదనా చదివాను. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ మా అమ్మాయి అడిగిన ప్రశ్న రెండిటిలోనూ పెద్దగా కనిపించలేదు.

*

ఆ ప్రశ్నకి జవాబు దొరికింది. దొరకడం కష్టమేమీ కాలేదు, వెతకడమే ఇన్నేళ్ళూ జరగలేదు.

ఆ పూలు కొలిచింది ఎడ్గర్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త. సెయింట్ లూయిస్‌లో మిస్సోరి బొటానికల్ గార్డెన్‌లో పనిచేసేవాడు. కెనడాలో క్విబెక్ రాష్ట్రంలో గాస్పే అనే ద్వీపకల్పం ఉంది. అక్కడి ఐరిస్ పూల గురించి 1935లో ఒక చిన్న వ్యాసం రాశాడు. మూడు జాతుల్లో రెండు జాతుల పూలు ఒకే పచ్చిక బయల్లో, ఒకే రోజు కోసినవి. ఒకే మనిషి, ఒకే పరికరంతో, ఒకేసారి కొలిచాడు. అలా కొలవకపోతే జాతుల తేడా ఏదో, కొలతల తేడా ఏదో తెలియదని ఆయన పట్టుదల. ఒక్కో పువ్వుకి నాలుగు కొలతలు. రక్షకపత్రం పొడవు, వెడల్పు, ఆకర్షకపత్రం పొడవు, వెడల్పు. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళకి ఈ మాటలు గుర్తుండే ఉంటాయి. జాతికి 50 చొప్పున 150 పూలు.

ఈ కొలతల్ని తీసుకుని 1936లో రొనాల్డ్ ఫిషర్ ఒక వ్యాసం రాశాడు. నాలుగు కొలతల్ని సరైన పాళ్ళలో కలిపి ఒక్క అంకె చేస్తే, ఆ అంకెతో జాతుల్ని వేరు చేయొచ్చని చూపించాడు. ఇవాళ్టి మెషిన్ లెర్నింగ్ మొదటి పాఠాల్లో ఇదొకటి. ఆ వ్యాసం ఏ పత్రికలో అచ్చయిందో చూసి ఉలిక్కిపడ్డాను. దాని పేరు 'ఆనల్స్ ఆఫ్ యూజెనిక్స్'. మనుషుల్లో మంచి జాతి, తక్కువ జాతి అని విడదీసి, మంచి జాతినే పెంచాలన్న సిద్ధాంతం యూజెనిక్స్. ఫిషర్ అప్పుడు లండన్‌లో ఆ విషయానికే ప్రొఫెసరు. ఆ పత్రిక పేరు 1954లో మార్చారు. పూలకి ఏ పాపమూ తెలియదు. కానీ జాతుల్ని కొలిచి వేరు చేయడం మీద ఆ మనుషులకి అంత ఆసక్తి ఎందుకుందో తెలుసుకోకుండా ఆ డేటా వాడుతున్నాం.

ఇంకొకటి. 1980ల చివర్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్ వాళ్ళు డేటాసెట్లన్నీ ఒకచోట పెట్టడం మొదలుపెట్టినప్పుడు ఐరిస్ కూడా అందులో చేరింది. లోకమంతా అక్కణ్ణించే దించుకుంది. ఆ కాపీలో 35వ పువ్వు, 38వ పువ్వు అంకెలు ఫిషర్ వ్యాసంలో ఉన్నట్టు లేవు. ఎక్కించేటప్పుడు ఎవరో పొరపడ్డారు. ఆ సంగతి ఆ సైటు వాళ్ళే రాసిపెట్టారు కూడా. మా అమ్మాయికి ఇది చెప్తే పగలబడి నవ్వింది. "అయితే మా మోడల్ తప్పు పూలు కూడా నేర్చుకుందన్నమాట!"

ఇప్పుడు చాలామంది ఐరిస్ బదులు పెంగ్విన్‌లు వాడుతున్నారు. అంటార్కిటికాలో పామర్ దీవుల దగ్గర 2007 నుంచి 2009 దాకా క్రిస్టెన్ గోర్మన్ బృందం కొలిచిన 344 పెంగ్విన్‌ల డేటా అది. 2020లో అందరికీ వాడుకోవడానికి వీలుగా పెట్టారు. అందులో రెండు పక్షులకి కొలతలే లేవు, పదకొండింటికి ఆడదో మగదో రాయలేదు. ఆ ఖాళీల్ని అలాగే ఉంచారు. మంచులో పక్షిని పట్టుకుని కొలిచేటప్పుడు అన్నీ కుదరవు కదా.

*

ఫిషర్ దగ్గర ఆగినప్పుడు ఇంకో పేరు తగిలింది. ఆ పేరు మనందరికీ తెలిసిందే. సి.ఆర్. రావు గారు.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో హడగళిలో పుట్టారు. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. స్కూలు చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం. అవును, మా నందిగామే. మా ఊళ్ళో పుట్టి పెరిగి, డేటాతో అన్నం తింటూ, ఆ విషయం నాకు ముప్ఫై ఎనిమిదో ఏట న్యూజెర్సీలో తెలిసింది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళి, అక్కడ మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1944లో ఆయన కలకత్తా యూనివర్సిటీలో పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో ఫిషర్ చెప్పిన ఫలితం ఒకటి వివరిస్తున్నారు. దండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే ఇలాంటి ఫలితం ఉంటుందా అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని దాన్ని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పారు. అదే 1945లో అచ్చయింది. ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని చదువుకునేది దాన్నే. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళ లోపు. ప్రశ్న అడిగిన వి.ఎం. దండేకర్ తర్వాత దేశంలో పేదరికాన్ని లెక్కగట్టిన పెద్ద ఆర్థికవేత్త అయ్యారు.

1946లో రావు గారిని కేంబ్రిడ్జి పంపారు. అక్కడి మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా నుంచి తవ్వి తెచ్చిన ప్రాచీన మానవుల ఎముకలున్నాయి. వాటి కొలతలు విశ్లేషించడం ఆయన పని. అది చేస్తూనే 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. గైడు ఆ ఫిషరే. ఐరిస్ పూల మీద ఫిషర్ వేసిన లెక్కని రావు గారు ఇంకా ముందుకి తీసుకెళ్ళారు. ఆయనకి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. ఆ ఆగస్టులోనే బఫెలోలో, నూటరెండేళ్ళ వయసులో పోయారు. మా ఇంటి నుంచి కారులో పోగలిగినంత దూరం.

ఇదంతా చదివాక నాకు తోచింది ఒకటే. ఒక విద్యార్థి లేచి అడిగిన ప్రశ్నకి రావు గారు రాత్రంతా మేలుకున్నారు. మా అమ్మాయి అడిగితే నేను ఎవరో సైంటిస్టు లేమ్మా అన్నాను.

*

క్యాంపుని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కుర్రాడు బాగానే చెప్పాడు, ఓపిక ఉంది. కానీ రెండు వారాల్లో, ముప్ఫై గంటల్లో, పిల్లలతో ఒక్క వస్తువు కూడా కొలిపించలేదు. అంకెలు ఎక్కణ్ణించో దిగుతాయి, మోడల్ నడుస్తుంది, తొంభై ఆరు శాతం వస్తుంది, చప్పట్లు. ఇంటినుంచి చదివే క్లాసుకి కొలవడానికి అంతకన్నా వీలేముంది? ఇంటినిండా కొలిచేవే.

ఇది చేయలేనిదేం కాదు. లాస్ ఏంజెలెస్ కోర్సు సంగతి మళ్ళీ చెప్తానన్నాను కదా. అక్కడి పిల్లలు తాము తినే చిరుతిళ్ళ వివరాలు ఫోన్‌లో తామే నమోదు చేసుకుని ఆ డేటాతోనే పాఠం నేర్చుకుంటారు. అంతకుముందు, చాలా ముందు, 1900లో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ అట్లాంటా యూనివర్సిటీ విద్యార్థులతో కలిసి పారిస్ ప్రదర్శనకి అరవై దాకా చార్టులు తయారుచేశాడు. అన్నీ చేత్తో, రంగులతో గీసినవి. బానిసత్వం రద్దయి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళే. నల్లవాళ్ళకి భూమి ఎంత ఉంది, చదువుకున్నవాళ్ళెందరు, ఏ పనులు చేస్తున్నారు అన్నది ఆ చార్టుల్లో ఉంది. తమ గురించి ఇతరులు చెప్పే అబద్ధాలకి జవాబుగా తమ లెక్క తామే చెప్పుకున్న పిల్లలు వాళ్ళు. ఇప్పుడవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పిల్లలకి చూపించండి, ఆ రంగులు చూసి ఆగిపోతారు.

రెండో వారం ప్రాజెక్టు. ఇంటర్నెట్‌లో దొరికే డేటాసెట్ ఏదైనా తీసుకోమన్నారు. మా అమ్మాయి "నాకు ఎవరు కొలిచారో తెలిసిన డేటా కావాలి" అంది. నాకు చప్పున మా అమ్మ పాల లెక్క గుర్తొచ్చింది.

మా అమ్మ వంటింటి గుమ్మం పక్కన వెంకట్రామా క్యాలెండరు ఉంటుంది. రోజూ పాలతను పోసి వెళ్ళగానే ఆ తేదీ గడిలో ఎన్ని పాలో రాస్తుంది. 1, 1½, అర. పోయించుకోని రోజు ఇంటూ. నెలాఖరుకి కూడి డబ్బులిస్తుంది. ఏడాది అయిపోయాక క్యాలెండరు చుట్టి బీరువా మీద పడేస్తుంది. మా పిన్ని కొడుకు ఒక ఆదివారం వెళ్ళి 2020 నుంచి 2022 దాకా 36 నెలలూ ఫొటోలు తీసి పంపాడు. 1,096 గళ్ళు. మూడు సాయంత్రాలు నేను చదువుతుంటే తను టైపు చేసింది. నాలాగే రెండు వేళ్ళతో.

మూడు గీతలు బయటపడ్డాయి. సంక్రాంతికి, దసరాకి పాలు పెరుగుతాయి. అది తెలిసిందే. 2021 మేలో 6వ తేదీ నుంచి 24 దాకా గళ్ళు ఖాళీ. ఇంటూ కూడా లేదు. క్లాసులో నేర్పినదాని ప్రకారం ఖాళీలుంటే సగటుతో నింపాలి. నేనైనా ఆఫీసులో అదే చేస్తాను, ఒక్క లైను కోడు. "నింపెయ్యనా నాన్నా?" అంది.

ఆ పంతొమ్మిది రోజులు మా నాన్న విజయవాడ ఆస్పత్రిలో ఉన్నారు. కొవిడ్. 24న పోయారు. విమానాలు లేక నేను వెళ్ళలేకపోయాను. అప్పుడు తనకి ఎనిమిదేళ్ళు, పెద్దగా ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. కాసేపు స్క్రీన్ వంక చూసి, ఆ గళ్ళని ఖాళీగానే వదిలేసింది. గ్రాఫులో గీత అక్కడ తెగిపోయింది. తెగినచోట కింద చిన్న అక్షరాలతో తాతయ్య హాస్పిటల్‌లో అని రాసింది.

మూడో గీత నేను ఊహించనిది. 2021 జూన్ నుంచి లీటరు కాస్తా అర అయిపోయింది. చివరిదాకా అరే. ఏ వారమూ పెరగలేదు. రోజూ ఫోన్ చేస్తాను, అన్నం తిన్నావా అని అడుగుతాను, తిన్నానంటుంది. పాలు సగమయ్యాయని నాలుగేళ్ళకి నా కూతురు గీసిన గ్రాఫులో చూశాను. రాత్రి పడుకోబోయే ముందు నాన్న గ్లాసుడు పాలు తాగేవారు.

ప్రాజెక్టు చూపించిన రోజు నేను పక్క గదిలోంచి విన్నాను. ఒక పిల్లాడు, నీ డేటాలో ఆ గ్యాప్ ఎందుకు నింపలేదని అడిగాడు. "అక్కడ ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి" అంది. అంతే చెప్పింది. ఆ సార్ కూడా ఒక క్షణం ఆగి, గుడ్ ఆన్సర్ అన్నాడు.

వచ్చే వేసవికి మీరూ ఏదో ఒక క్యాంప్‌లో పిల్లల్ని చేర్పిస్తారు. నేనూ చేర్పిస్తానేమో. ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి, పిల్లలు స్వయంగా ఏదైనా కొలుస్తారా అని. లేదంటే ఇంట్లో మీరే కొలిపించండి. పెరట్లో టమాటాలు, అమ్మమ్మ షుగర్ రీడింగులు, ఏదైనా సరే.

మొన్న ఆదివారం అమ్మకి ఫోన్ చేసినప్పుడు, పాలు లీటరు పోయించుకో, నువ్వే తాగు అన్నాను. "అంత దూరం నుంచి నా పాల లెక్క నీకెందుకురా" అంది. ఈ నెల క్యాలెండరు ఫొటో పంపమని పిన్ని కొడుక్కి మెసేజ్ పెట్టాను.